సెలిగ్ హారిసన్ గారు ఇక లేరు

పాత పుస్తకం
2017 జనవరి 6, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాకు ఆలస్యంగా తెలిసింది. అమెరికన్ విలేకరి, రచయిత సెలిగ్ హారిసన్ గారు డిసెంబర్ 30న అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, కామ్డెన్ అనే ఊళ్లో కన్నుమూశారు. 89 ఏళ్లు. మన పేపర్లలో నాకెక్కడా కనపడలేదు. కనీసం మనమైనా నాలుగు మాటలు చెప్పుకుందామని మొదలుపెడుతున్నా.

ప్రపంచానికి ఆయన ఉత్తర కొరియా గురించి తెలిసిన మనిషి. 11 సార్లు దాని రాజధాని ప్యాంగ్యాంగ్ వెళ్లొచ్చారు. కొరియా యుద్ధం ముగిశాక ఆ దేశంలోకి అడుగుపెట్టిన మొదటి కొద్దిమంది అమెరికన్ విలేకరుల్లో ఆయనొకరు. 1972లో వెళ్లి ఆ దేశాధినేత కిమ్ ఇల్ సుంగ్‌తో మాట్లాడి వచ్చారు. నాకు మాత్రం ఆయన పరిచయమైంది కొరియా వల్ల కాదు.

డిగ్రీలో ఉండగా ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగేస్తుంటే, అట్ట ఊడిపోయిన ఒక లావుపాటి పుస్తకం దొరికింది. 1960లో వచ్చిన 'ఇండియా: ది మోస్ట్ డేంజరస్ డికేడ్స్'. మధ్యలో ఎవరో పాత బస్సు టికెట్టు పెట్టి మూసేశారు. అక్కడ తెరిస్తే కృష్ణా, గుంటూరు జిల్లాలు! మా అమ్మమ్మ వాళ్ల ప్రాంతం. పిట్స్‌బర్గ్‌లో పుట్టిన ఒక అమెరికన్ మా ఊళ్ల భూములు, కులాలు, పార్టీల గురించి అంత లోతుగా ఎలా రాశాడా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నలభై రూపాయలకి కొన్నా. ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఆ టికెట్టు కూడా అదే పేజీలో ఉంది.

ఆయన్ని చదివిన వాళ్లు ఎవరైనా ఉంటే రాయండి.


తెనాలి మాస్టారు
2017 జనవరి 7, ఉదయం 6:30

బాబూ, మంచి పని చేశావు. నేను ముప్పై ఏళ్లు రాజనీతి శాస్త్రం పాఠం చెప్పాను. ఎం.ఏ. పిల్లలకి ఏటా తప్పకుండా చదివించిన వ్యాసాల్లో ఆయనది ఒకటి. 1956లో 'అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూ'లో వచ్చిన 'కాస్ట్ అండ్ ది ఆంధ్రా కమ్యూనిస్ట్స్'. 1951 నుంచి 54 దాకా ఆయన ఢిల్లీలో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి. అంటే పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణం, ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు, అన్నీ ఆయన పని చేస్తున్న రోజుల్లోనే జరిగాయి.

1955 ఎన్నికలప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా వీధిలో ఒక గోడ మీద కమ్యూనిస్టుల కంకి కొడవలి, ఎదురు గోడ మీద కాంగ్రెస్ కాడెద్దులు. అందరూ కమ్యూనిస్టులే గెలుస్తారన్నారు. తీరా చూస్తే 196 సీట్లలో 15 వచ్చాయి. ఓట్లు మాత్రం నూటికి ముప్పై దాటాయి. ఇదెలా జరిగిందన్నది అప్పట్లో పెద్ద ప్రశ్న. హారిసన్ పార్టీ తీర్మానాలు చదివి ఊరుకోలేదు. నాయకులు ఏ కులం నుంచి వచ్చారు, భూమి ఎవరి చేతిలో ఉంది, నియోజకవర్గంలో ఎవరి మీద ఎవరు నిలబడ్డారు, ఇవన్నీ లెక్క కట్టాడు. కమ్యూనిస్టు నాయకత్వంలో కమ్మవారు, కాంగ్రెస్‌లో రెడ్లు ఎక్కువని, ఆ పోటీ పార్టీల పోటీలో కలిసిపోయిందని తేల్చాడు. ఈ రోజు మనకది మామూలు మాట. టీ కొట్టు దగ్గర ఎవరైనా చెబుతారు. 1956లో పండితులు దాన్ని కాగితం మీద పెట్టడానికి మొహమాటపడేవారు.


నల్లమల
2017 జనవరి 7, మధ్యాహ్నం 1:05

పోయినవారి మీద గౌరవంతోనే చెబుతున్నా. మాస్టారూ, ఆ వ్యాసం మా కమ్యూనిస్టులకి చాలా అన్యాయం చేసింది. దొడ్డి కొమరయ్య కడవెండిలో 1946 జూలైలో తూటాకి బలైంది ఏ కుల లెక్క కోసం? చాకలి ఐలమ్మ పాలకుర్తిలో తన పంట కోసం నిలబడింది ఏ కుల లెక్క కోసం? సుందరయ్య గారు అలగానిపాడులో రెడ్డి భూస్వామి ఇంట్లో పుట్టి, పేరు చివరి మాట తీసేసి, ఆస్తి పార్టీకి ఇచ్చేశారు. రావి నారాయణరెడ్డి గారి సంగతేంటి? మనుషులు ప్రాణాలిచ్చిన ఉద్యమాన్ని రెండు కులాల పోటీగా చెబితే మనసు కష్టపెట్టుకోరా?

మా నాన్న ఆ వ్యాసం పేరెత్తితే లేచి వెళ్లిపోయేవారు.


తెనాలి మాస్టారు
2017 జనవరి 7, సాయంత్రం 5:40

నల్లమల గారూ, మీ నాన్నగారి బాధ నాకు అర్థమవుతుంది. ఆ వ్యాసం ప్రధానంగా కృష్ణా, గుంటూరు డెల్టా గురించి. తెలంగాణ పోరాటానికి ఆ కొలబద్ద సరిపోదని నేనూ క్లాసులో చెప్పేవాణ్ణి. డెల్టాలో కూడా కూలిబాట పట్టిన వాళ్ల కథ అందులో చాలినంత లేదు. ఆయన 1960 పుస్తకం భయపడినట్టు భాషా రాష్ట్రాల వల్ల దేశం ముక్కలైపోలేదు కూడా. అక్కడ ఆయన అంచనా తప్పింది.

అయినా ఒక మాట. ఆయన ప్రశ్న వేసిన తీరు చూడండి. పైన ఎర్ర జెండా ఉంది సరే, దాని కింద నిలబడ్డ మనిషి ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చాడు, అతనికి ఏది ప్రాణం? ఈ ప్రశ్ననే ఆయన పదహారేళ్ల తర్వాత ప్యాంగ్యాంగ్ పట్టుకెళ్లాడు. మాస్కోకో బీజింగ్‌కో తోక అని అందరూ అనుకుంటున్న దేశంలో, పైన కమ్యూనిజం ఉన్నా లోపల ఉన్నది కొరియా జాతీయవాదం అన్నాడు. అక్కడా ఆయన్ని ఇలాగే తిట్టారు.


పాత పుస్తకం
2017 జనవరి 7, రాత్రి 8:15

మాస్టారూ, ఈ ముడి నాకెప్పుడూ తట్టలేదు. ఆయన ఇండియా పుస్తకం, కొరియా పుస్తకం రెండూ ఒకే అలమరాలో పెట్టుకుని ఇన్నేళ్లూ వేరే వేరే మనుషులు రాసినట్టే చదివాను.


సువాన్ నుంచి
2017 జనవరి 8, రాత్రి 11:20

నేను దక్షిణ కొరియాలో ఆరేళ్లుగా ఉంటున్నా, సాఫ్ట్‌వేర్ పని. మాది గుడివాడ దగ్గర. ఆయన 'కొరియన్ ఎండ్‌గేమ్' చదివాకే నేను ఏ దేశంలో ఉంటున్నానో నాకు కొంచెం అర్థమైంది. 2002లో వచ్చింది.

మా టీమ్ లీడర్‌కి యాభై దగ్గర. 1994 జూన్‌లో ఆయన తప్పనిసరి సైనిక సర్వీసులో ఉన్నారట. సియోల్‌లో జనం రామ్యోన్ (ఇన్‌స్టంట్ నూడుల్స్) పెట్టెలు, బియ్యం బస్తాలు కొని ఇంట్లో పెట్టుకున్నారని, వాళ్లమ్మ ఫోన్‌లో ఏడ్చిందని చెప్పారు. అప్పటి టెన్షన్ సంగతి తెలియని వాళ్ల కోసం: యోంగ్బ్యోన్ రియాక్టర్ నుంచి ఉత్తర కొరియా ఇంధన కడ్డీలు బయటకు తీసింది. దాదాపు ఎనిమిది వేలు. వాటి నుంచి ప్లుటోనియం తీస్తే బాంబులే. అమెరికా ఆంక్షలు అంటోంది, రియాక్టర్ మీద దాడి చేసే ఆలోచన కూడా చేస్తోంది.

సరిగ్గా ఆ వారాల్లో, జూన్ 9న, హారిసన్ గారు కిమ్ ఇల్ సుంగ్ ఎదురుగా మూడు గంటలు కూర్చున్నారు. మీ అణు కార్యక్రమాన్ని ఉన్నచోట ఆపేయండి, బదులుగా బాంబు తయారీకి అంతగా పనికిరాని లైట్ వాటర్ రియాక్టర్లు ఇస్తామని అమెరికా గట్టి మాట ఇస్తే ఎలా ఉంటుంది అని అడిగారు. కిమ్ పక్కనే ఉన్న విదేశాంగ శాఖ ఉప మంత్రి కాంగ్ సోక్ జు వైపు తిరిగి కాసేపు మాట్లాడుకుని, నమ్మదగ్గ హామీ ఉంటే ఒప్పుకుంటామన్నాడని హారిసన్ రాసుకున్నారు.

నేను ఆ పేజీ దగ్గర ఆగిపోయా. మా టీమ్ లీడర్ వాళ్లమ్మ అప్పుడు ఏడుస్తూ ఉండి ఉంటుంది కదా.


హైదరాబాద్ 72
2017 జనవరి 9, ఉదయం 10:02

ఆ ఘనత కార్టర్‌ది కాదా అండీ? మాజీ అధ్యక్షుడు వెళ్లి మాట్లాడితేనే కదా యుద్ధం ఆగింది.


సువాన్ నుంచి
2017 జనవరి 9, సాయంత్రం 6:48

కార్టర్ గారి పాత్ర తగ్గించడం లేదు అన్నా. ఆయన వెళ్లింది జూన్ 15న. హారిసన్ గారి భేటీ అయ్యాక ఆరు రోజులకి. కిమ్ నోట ఆ మాట అప్పటికే వచ్చి ఉంది. కార్టర్ దాన్ని ప్రపంచం ముందు పెట్టించగలిగారు, టీవీ కెమెరాల సాక్షిగా. ఒక విలేకరి మాటకి ఆ బరువు రాదు. ఇద్దరూ కావలసి వచ్చింది.

జూలై 8న కిమ్ చనిపోయాడు. అయినా అక్టోబర్ 21న జెనీవాలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. వెయ్యి మెగావాట్ల రియాక్టర్లు రెండు, అవి పూర్తయ్యేదాకా ఏటా 5 లక్షల టన్నుల ఫర్నేస్ ఆయిల్. బదులుగా యోంగ్బ్యోన్ మూత. ఆ మూత 2002 చివరి దాకా నిలబడింది. ఎనిమిదేళ్లు అక్కడ కొత్త ప్లుటోనియం తీయలేదు.


డల్లాస్ అక్క
2017 జనవరి 10, ఉదయం 7:55

అందరూ మంచే చెబుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెబుతా. నాకూ ఆయన మీద గౌరవమే, కానీ కళ్లు మూసుకోలేను.

2002లో అమెరికా ప్రతినిధి జేమ్స్ కెల్లీ ప్యాంగ్యాంగ్ వెళ్లి, మీరు దొంగతనంగా యురేనియం శుద్ధి చేస్తున్నారన్నాడు. ఒప్పందం కూలిపోయింది. 2005 మొదట్లో హారిసన్ 'ఫారిన్ అఫైర్స్'లో రాశారు, బుష్ ప్రభుత్వం అనుమానాన్ని రుజువుగా చూపిస్తోందని. ఇరాక్‌లో జరిగింది చూసిన వాళ్లు అది నమ్మడం సహజం. నేనూ నమ్మాను. 2006లో ముషారఫ్ తన పుస్తకంలో, పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ ఉత్తర కొరియాకి దాదాపు రెండు డజన్ల సెంట్రిఫ్యూజ్‌లు, అంటే యురేనియం శుద్ధి చేసే యంత్రాలు, ఇచ్చాడని రాశారు. 2010 నవంబర్‌లో సీగ్‌ఫ్రీడ్ హెకర్ అనే అమెరికన్ శాస్త్రవేత్తని యోంగ్బ్యోన్ తీసుకెళ్లి వాళ్లే చూపించారు, రెండు వేల సెంట్రిఫ్యూజ్‌లని. అంత పెద్దది ఒక్క రోజులో పుట్టదు కదా.

ఇంకోటి నన్ను ఎక్కువ బాధపెట్టేది. 2014లో ఐక్యరాజ్యసమితి కమిషన్ నివేదిక వచ్చింది, మైకేల్ కిర్బీ అధ్యక్షతన. ఖైదీల శిబిరాలు, ఆకలి చావులు, తప్పించుకొచ్చిన వాళ్ల సాక్ష్యాలు. నేను మూడు రాత్రులు చదివా. హారిసన్ రాతల్లో అధికారులు, జనరల్స్, మంత్రులు మాట్లాడతారు. ఆ శిబిరాల్లో ఉన్న ఆడమనిషి మాట్లాడదు. ఆమె గొంతు లేకుండా 'కొరియా జాతీయవాదం' అని ఎలా రాయగలం?


నల్లమల
2017 జనవరి 10, మధ్యాహ్నం 12:30

అక్కా, నేను డెల్టా కూలీల గురించి అడిగింది సరిగ్గా ఇదే. జెండా కింద చూశాడు నిజమే. ఇంకా కింద చూడలేదు.


తెనాలి మాస్టారు
2017 జనవరి 10, రాత్రి 9:05

ఇద్దరూ సరైన చోటే పట్టుకున్నారు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

ఆయన తరఫున ఒక్కటి చెబుతా. 1994లో కిమ్ చనిపోయాక, తర్వాత కరువు వచ్చాక, ఉత్తర కొరియా ఇవాళో రేపో కూలిపోతుందని చాలామంది మేధావులు రాశారు. కూలిపోతుంది కాబట్టి మాట్లాడనక్కర్లేదు అన్నారు. హారిసన్ 'కొరియన్ ఎండ్‌గేమ్' మొదటి భాగం అంతా ఆ ఒక్క ప్రశ్నకే ఇచ్చాడు. కూలదు అన్నాడు. యుద్ధంలో అమెరికన్ బాంబుల కింద ఊళ్లకి ఊళ్లు పోయిన జనం, చుట్టుముట్టారన్న భయంతో ఒకటిగా ముడుచుకుంటారన్నాడు. ఇవాళ 2017. ఆ కిమ్ మనవడి పాలన నడుస్తోంది. 2009 జనవరిలో ఆయన వెళ్లినప్పుడు, 30.8 కిలోల ప్లుటోనియాన్ని ఆయుధాలుగా మార్చేశామని అక్కడి వాళ్లు చెబితే, దాచకుండా వచ్చి చెప్పాడు. తన వాదనకి చేటు అని తెలిసి కూడా. ఆ నిజాయితీ నాకు ముఖ్యం.


డల్లాస్ అక్క
2017 జనవరి 11, ఉదయం 8:20

ఆ మాట ఒప్పుకుంటా మాస్టారూ. 30.8 కిలోలు అని దశాంశంతో సహా చెప్పారంటే, ఆయన విన్నది విన్నట్టు రాసుకునే మనిషని తెలుస్తుంది.


సువాన్ నుంచి
2017 జనవరి 29, రాత్రి 10:10

నిన్న సోల్లాల్, ఇక్కడి చాంద్రమాన సంవత్సరాది. సెలవు. ఈ చర్చ మనసులో తిరుగుతూ ఉంటే రైలెక్కి మున్సాన్ వెళ్లి, అక్కణ్ణుంచి ఇమ్జిన్‌గాక్ వెళ్లా. సరిహద్దుకి ఇవతల సామాన్యులు వెళ్లగలిగే చోటు.

అక్కడ మాంగ్‌బేదాన్ అని రాతి వేదిక ఉంటుంది. ఉత్తరాన సొంతూళ్లు వదిలి వచ్చిన వాళ్లు పండగ రోజు ఇక్కడికొచ్చి, ఉత్తరం వైపు తిరిగి పెద్దలకి మొక్కుతారు. అటు వెళ్లి సమాధుల దగ్గర చేయలేరు కాబట్టి. చలి ఎముకల్లోకి దిగుతోంది. ఒక పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి, పాత సూటు మీద మఫ్లర్ కట్టుకుని, చిన్న చాప పరిచి, మూడు ఆపిల్ పళ్లు, ఎండు చేప, తోక్‌గుక్ (బియ్యపు పిండి ముక్కల సూప్) గిన్నె సర్దారు. గిన్నెలోంచి ఆవిరి రెండు నిమిషాల్లో ఆగిపోయింది. మోకాళ్లు వంగట్లేదు. మనవడు రెండు చంకల కింద చేతులు పెట్టి కిందికి దించాడు. నుదురు చాపకి ఆనించి ఎంతసేపటికీ లేవలేదు.

సంక్రాంతికి మా నాయనమ్మ పెద్దలకి బట్టలు పెట్టి దణ్ణం పెట్టుకోవడం గుర్తొచ్చి నా గొంతు పట్టేసింది.

తర్వాత మనవడు నాతో మాట్లాడాడు. తాతది హ్వాంగ్‌హే ప్రాంతం, హేజు. యుద్ధంలో వచ్చేశారు. అమ్మని, చెల్లెల్ని మూడు వారాల్లో తిరిగొస్తానని చెప్పి వచ్చారట. కుటుంబాల కలయిక కోసం పేరు నమోదు చేసుకున్నారు, లాటరీలో ఒక్కసారీ రాలేదు. ఇలా నమోదైన వాళ్లు లక్షా ముప్పై వేల మందికి పైనే, వాళ్లలో సగానికి పైగా ఇప్పటికే చనిపోయారు.

హారిసన్ గారి పుస్తకంలో రెండో భాగం పేరు 'పునరేకీకరణ: కలని వాయిదా వేయడం'. ఒక్కసారిగా కలిసిపోవడం కుదరదు, ముందు రెండు వ్యవస్థలూ పక్కపక్కన బతికేలా వదులుగా ఒక సమాఖ్య కట్టుకోవాలి, అమెరికా సైన్యం మెల్లగా పక్కకి తప్పుకుని ఇద్దరి మధ్య నిజాయితీగా నిలబడాలి అని ఆయన వాదన. చదివినప్పుడు తెలివైన మాట అనిపించింది. నిన్న ఆ చాప పక్కన నిలబడి, వాయిదా అన్న మాట తలుచుకుంటే కష్టంగా ఉంది. ఆ పెద్దాయనకి వాయిదా వేసేంత టైమ్ ఎక్కడుంది.


డల్లాస్ అక్క
2017 జనవరి 30, ఉదయం 6:40

తమ్ముడూ, నేను అడిగిన గొంతు ఇదే. రాసినందుకు నీకు చేతులెత్తి దండం.


హైదరాబాద్ 72
2017 సెప్టెంబర్ 4, ఉదయం 9:15

నిన్న ఆరో అణు పరీక్ష. జూలైలో ఖండాంతర క్షిపణులు. రెండు వైపులా బెదిరింపులు. ఈ చర్చ మళ్లీ మొదటి నుంచి చదివా. సువాన్ తమ్ముడూ, నువ్వు క్షేమమేనా? ఇలాంటప్పుడు మూడు గంటలు ఎదురుగా కూర్చుని మాట్లాడగల మనిషి ఒక్కడైనా ఉన్నాడా?


సువాన్ నుంచి
2017 సెప్టెంబర్ 4, మధ్యాహ్నం 2:30

క్షేమమే అన్నా. అమ్మ రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేస్తోంది. ఇక్కడివాళ్లు మామూలుగా ఆఫీసుకి వస్తున్నారు. మా టీమ్ లీడర్ మాత్రం మధ్యాహ్నం భోజనాల దగ్గర మెల్లగా, 94లో ఇలాగే ఉండింది అన్నారు.


పాత పుస్తకం
2018 జూన్ 12, రాత్రి 8:50

ఈ రోజు సింగపూర్‌లో అమెరికా అధ్యక్షుడు, ఉత్తర కొరియా నాయకుడు చేతులు కలిపారు. చరిత్రలో మొదటిసారి. టీవీ చూస్తూ అలమరా వైపు చూశా. ఏడాదిన్నర ఆగి ఉంటే ఆయన చూసేవారు.


తెనాలి మాస్టారు
2018 జూన్ 13, ఉదయం 5:55

చూస్తే మొదట, కాగితం మీద ఏం రాసుకున్నారు అని అడిగేవాడు. జెనీవా ఒప్పందంలో టన్నులు, మెగావాట్లు రాసి ఉన్నాయి. ఇందులో అలాంటివి కనపడలేదు. నాకు దిగులుగానే ఉంది.


డల్లాస్ అక్క
2019 మార్చి 1, ఉదయం 7:10

హనోయ్‌లో ఆ ఇద్దరు నాయకులూ మళ్లీ కలిసి, ఒప్పందం లేకుండానే లేచిపోయారు. మాస్టారి దిగులే నిజమైంది. యోంగ్బ్యోన్ మూస్తామన్నారట, ఆంక్షలు ఎన్ని ఎత్తేయాలన్న దగ్గర తెగింది. 1994లో ఏ ఊరి గురించి మాట్లాడుకున్నారో, పాతికేళ్ల తర్వాత మళ్లీ అదే ఊరు.


పాత పుస్తకం
2024 జనవరి 25, రాత్రి 9:30

ఇన్నేళ్ల తర్వాత ఈ చర్చ తెరుస్తున్నా. మాస్టారు గత ఏడాది వెళ్లిపోయారని ఆయన అబ్బాయి నాకు చెప్పారు. ఆ 1956 వ్యాసం జిరాక్సు, అంచుల్లో ఆయన పెన్సిల్ రాతలతో సహా, నాకివ్వమని చెప్పి వెళ్లారట. పోస్టులో వచ్చింది. మొదటి పేజీ పైన ఆయన చేతిరాత: "నల్లమల గారి ప్రశ్న ఇక్కడ పెట్టి మళ్లీ చదవాలి."

వార్త కూడా చూసే ఉంటారు. డిసెంబర్ చివర్లో కిమ్ జోంగ్ ఉన్, దక్షిణంతో ఇక కలవడమనే మాటే లేదు, మేం శత్రు దేశాలం అన్నాడు. ఈ నెలలో ప్యాంగ్యాంగ్ దక్షిణాన రోడ్డు మీద ఉన్న పునరేకీకరణ తోరణాన్ని కూల్చేశారు. 2001లో కట్టింది. సంప్రదాయ దుస్తుల్లో ఇద్దరు ఆడవాళ్లు, ఉత్తరం ఒకరు, దక్షిణం ఒకరు, ఎదురెదురుగా వంగి కొరియా పటాన్ని పైకెత్తి పట్టుకుని ఉండేవారు. ఉపగ్రహ ఫోటోలో అది ఉండిన చోట ఖాళీ రోడ్డు కనపడుతోంది.


నల్లమల
2024 జనవరి 26, ఉదయం 11:00

మాస్టారు పోయారని ఇప్పుడే చూశా. ఆ ఒక్క వాక్యం ఫోటో తీసి పంపించగలరా? మా నాన్న ఫోటో పక్కన పెట్టుకుంటా.


సువాన్ నుంచి
2024 ఫిబ్రవరి 11, రాత్రి 10:40

మాస్టారికి నా నమస్సులు. నేను ఇంకా ఇక్కడే ఉన్నా. నిన్న మళ్లీ సోల్లాల్. ఈసారి మా పాపని కూడా తీసుకుని ఇమ్జిన్‌గాక్ వెళ్లా. ఏడేళ్ల క్రితం మఫ్లర్ కట్టుకున్న పెద్దాయన కనపడతారేమో అని వేదిక దగ్గర చాలాసేపు నిలబడ్డా. జనం అప్పటికంటే తక్కువ.

బయల్దేరబోతుంటే ఒక కుర్రాడు వచ్చి చాప పరిచాడు. మూడు ఆపిల్ పళ్లు, ఎండు చేప, తోక్‌గుక్ గిన్నె. ఆ మనవడే. నన్ను గుర్తుపట్టలేదు. పక్కన ఈసారి తాత ఫోటో ఉంది, ముఖం ఉత్తరం వైపు తిప్పి పెట్టాడు.